ఎడమ ముందుకాలు

మా ఇంట్లో ఎనిమిది నెలలు ‘గుర్రం’ అనే మాట ఎవరూ పలకలేదు. మధ్యాహ్నం కునుకులో మా బాపు, అంటే మా నాన్న, గుర్రు పెట్టినా మా ఆవిడ పోయి తలుపు దగ్గరికి వేసేది. ఆ చప్పుడు అంతటితో ఆగితే పరవాలేదు, ఇంకొక్క అక్షరం ముందుకు పోతే కష్టమన్నట్టు.

కారణం మా అమ్మాయి. పదహారేళ్ళది. మొయినాబాద్ దాటిన తర్వాత సవారీ నేర్పే చోటొకటి ఉంటే, రెండేళ్ళ పాటు శని, ఆదివారాలు అక్కడికి పోయి నేర్చుకుంది. ఒక ఆదివారం పొద్దున పరుగు మీదున్న గుర్రానికి ముందుకాలు మడతపడింది. గుర్రం కూలబడింది, అమ్మాయి దాని మెడ మీదుగా ఎగిరి ముందుకు పడింది. మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగింది. ఎముకదేముంది, ఆరు వారాల్లో అతుక్కుంది. కానీ ఆ గుర్రానికి కొన్నాళ్ళ నుంచీ కాలు నొప్పి ఉందని, ఆదివారం జనం ఎక్కువ వస్తారు కాబట్టి పొద్దున్నే నొప్పి తెలియకుండా సూది వేసేవాళ్ళని, తర్వాత అక్కడ పనిచేసే మనిషే చూడ్డానికి వచ్చి చెప్పాడు. అమ్మాయి దవాఖాన మంచం మీద పడుకుని ఆ మాట విన్నది. ఏడవలేదు.

“దానికి నొప్పున్నదని నాకు తెలిస్తే నేను ఎక్కకపోదును గద డాడీ,” అంది. ఆ తర్వాత సవారీ బూట్లు పాత పేపర్లో చుట్టి అటక మీద పెట్టించింది.

నాకు చేవెళ్లలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. రైతులు మచ్చ పడ్డ ఆకు తెచ్చి కౌంటర్ మీద పెడతారు. నేను దాన్ని వెలుగుకు పట్టి, తిప్పి, అద్దాలు సవరించుకుని రోగం పేరు చెబుతాను. కొన్నిసార్లు అది నిజంగా ఆ రోగమే అవుతుంది కూడా. సెలవుల్లో ఒకరోజు అమ్మాయి దుకాణంలో కూర్చుని ఉండగా, నడుం పట్టేసినట్టు ఒక పక్కకు వంగి నడిచే మనిషొకడు వచ్చి ఈగల మందు అడిగాడు.

“బర్లకా?” అన్నాను.

“కాదన్న, గుర్రాలకు.”

నేను అమ్మాయి వైపు చూడకుండా ఉండటానికి పైనున్న డబ్బాలన్నీ చూశాను. ఆమె మాత్రం ఫోన్ పక్కన పెట్టి, “ఎన్నున్నయ్ అంకుల్?” అని అడిగింది.

ఆయనది చిల్కూరు పోయే దారిలో లోపలికి, నాలుగు గుర్రాలు కట్టేంత షెడ్డు. రేసుల్లో పరుగెత్తి పనైపోయిన గుర్రాలను తెచ్చి, నెమ్మది నేర్పి, సవారీకి అమ్మడం ఆయన పని. ఇప్పుడు నడుం సహకరించక ఒక్కొక్కటే వదిలించుకుంటున్నాడు. మిగిలిన రెండింట్లో ఒకటి తొమ్మిదేళ్ళ ఆడగుర్రం. ముదురు గోధుమ రంగు, ఎడమ ముందుకాలికి మాత్రం మోకాలి కింద నుంచి తెలుపు, బడికి పోతూ ఒకే మేజోడు దొరికిన పిల్లలాగా.

మేం ఊరికే చూడ్డానికి పోయాం. ఊరికే అనే మాటతో నేను చాలా కొన్నాను జీవితంలో. మా చేనులో పండిన క్యారెట్లు సంచీలో వేసుకుని పోయాం. ఆ గుర్రం రెండు క్యారెట్లు తిని, మూడోది వదిలేసి, మూతి తెచ్చి అమ్మాయి భుజం మీద పెట్టింది. సరిగ్గా విరిగి అతికిన వైపే. అమ్మాయి కదల్లేదు. నేనైతే ఊపిరి కూడా ఆపాను.

మూడు వారాల తర్వాత ఆమె దాని మీద ఎక్కి షెడ్డు చుట్టూ నడిపించింది. ఇంటికి వచ్చే దారిలో కారులో అంది: “డాడీ, నాకిది కావాలె. గానీ దీనికి ఏమేమున్నదో అంతా తెలవాలె ముందుగాల. ఏమున్నా పర్లే. తెల్వకుండ మాత్రం ఉండొద్దు.”

ఎనిమిది నెలల తర్వాత ఆమె నన్ను అడిగింది అదొక్కటే. దుకాణంలో రోజుకు నలభై మంది అడిగేవి గుర్తుపెట్టుకునే నేను ఈ ఒక్కటి ఎట్లా మరిచిపోయానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఆవిడ ఒప్పుకుంది కానీ, పశువుల డాక్టరు పరీక్ష చేసి కాగితం మీద రాసి ఇవ్వాలని షరతు పెట్టింది. “నిన్ను చేసుకునేటప్పుడు ఎవ్వలు డాక్టర్‌కు చూపియ్యలే. గుర్రాన్నన్న చూపిద్దాం,” అంది.

డాక్టరు కంటే ముందు బాపు చూశాడు. చూడకపోతే ఊరుకోడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ట్రాక్టరు రాకముందు ఎన్ని జతల ఎడ్లను కొన్నాడో ఆయనకే లెక్క లేదు. గుర్రం కూడా నాలుగు కాళ్ళదే కాబట్టి అది తన శాఖ కిందికే వస్తుందని ఆయన నమ్మకం. తువ్వాల నడుముకు చుట్టుకుని దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. తోక కింద చూశాడు. నుదుటి మీద వెంట్రుకల సుడి వెతికాడు.

“ఒక్కటే సుడి. మంచిదే.”

“రెండుంటే ఏమైతది బాపు?” అన్నాను.

“రెండుంటే నీ లెక్కుంటది. ఏదీ తెగనియ్యదు.”

నా తల మీద రెండు సుడులు. జుట్టు పోయినా ఆయన మరిచిపోలేదు.

ఆ తర్వాత కూర్చుని ఒక్కొక్క కాలు పైనుంచి కిందికి తడమడం మొదలుపెట్టాడు. కుడి ముందుకాలు అయింది. ఎడమ ముందుకాలికి వచ్చేసరికి, గిట్టకు పైన కీలుండే చోట ఆయన చెయ్యి ఆగింది. పైకి పోయి మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. నా గుండె కూడా ఆ స్టాపులోనే దిగిపోయింది.

“గిక్కడ జర పొంగున్నది,” అన్నాడు.

అమ్మే ఆయన దాపరికం లేకుండానే చెప్పాడు: “గాలి పొంగు పటేలా. రేసుల్ల ఉరికిన గుర్రాలకు చానా వాటికుంటది. నొప్పుండది. డాక్టరమ్మ ఎట్లయినా చూస్తది గద, నేను దాసేది ఏమున్నది. పిల్లకు గూడ చెప్పుండ్రి.”

అమ్మాయి అప్పుడు బకెట్ కడగడానికి నల్లా దగ్గరికి పోయి ఉంది.

“నేను చెప్త,” అన్నాను.

చెప్పలేదు. కారులో చెబుదామనుకున్నాను, ఆమె పాట వింటూ ఉంది. అన్నం దగ్గర చెబుదామనుకున్నాను, ఆమె ఎనిమిది నెలల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకుంది. అటక మీది బూట్లు దించి నూనె రాసిన రోజైతే అసలు చెప్పబుద్ధి కాలేదు. ఈ పొంగు మాట వింటే ఆ బూట్లు మళ్ళీ పేపర్లో చుడుతుందని భయం. చెప్పకుండా ఎక్కిస్తే మళ్ళీ పడుతుందని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య నేను చాలా న్యాయంగా, ఏ ఒక్కదానికీ తక్కువ చేయకుండా భయపడుతూ వచ్చాను.

ముందు సర్కారు పశువుల దవాఖాన నుంచి వచ్చి రక్తం తీసుకున్నారు. అంటురోగాలు లేవని తేలితే కానీ గుర్రాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలించకూడదు. ఆ ఫలితం వచ్చేదాకా దుకాణంలో నాకు యూరియాకూ పొటాష్‌కూ తేడా తెలియలేదు. ఏ రోగమూ లేదని వచ్చింది. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. ఆ తర్వాత మళ్ళీ కాలు గుర్తొచ్చింది.

నగరం నుంచి వచ్చే గుర్రాల డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడాను. ఆమె గొంతు, తప్పు చేయకముందే ఒప్పుకోవాలనిపించే గొంతు.

“వారం ముందు నుంచి దానికి ఏ మందు పడొద్దు. సూదులొద్దు, మాలిష్ వద్దు, ఆఖరికి స్నానం గూడ వద్దు. రోజు ఎట్లుంటదో అట్లనే నాకు కనబడాలె. అర్థమైందా?”

“అర్థమైంది మేడం,” అని చీటీ మీద రాసుకున్నాను కూడా. రాసుకున్న చీటీ జేబులో ఉన్నంతసేపూ విషయం తలలో ఉన్నట్టే అనుకునే రకం నేను.

ఆ వారమంతా నాకు లోకంలో కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళలో ఎవరు ఏ కాలు మీద ఒరుగుతున్నారో చూసేవాణ్ణి. చేవెళ్ల రోడ్డు మీద బరాత్ పోతుంటే జనమంతా పెండ్లికొడుకును చూశారు, నేను కిందికి వంగి గుర్రం మోకాళ్ళు చూశాను. అందరికీ కాలం కలిసి రావాలి, నాకు కాలు కలిసి వస్తే చాలు. అమ్మాయితో మాత్రం ఏదో ఒక నెపంతో వాయిదా వేస్తూ వచ్చాను. కాలయాపన అంటే ఏమిటో అప్పుడు నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం బాపూ నేనూ క్యారెట్లు పట్టుకుని షెడ్డుకు పోయాం. అమ్మే ఆయన చెల్లెలింటికి వికారాబాద్ పోయాడు, పొద్దునకు వస్తాడని ఆయన భార్య చెప్పింది. మేం రోజూ వచ్చేవాళ్ళమే కాబట్టి గేటు తీసి తన పనిలో పడింది. బాపు కూర్చుని ఎడమ ముందుకాలు తడిమాడు. నేనూ తడిమాను. పొంగు నిన్నటికన్నా పెద్దగా ఉన్నట్టనిపించింది. ఇప్పుడనుకుంటే, పెద్దదైంది నా భయమే. చేతికి ఆ రెంటికీ తేడా తెలియలేదు.

“రేపు డాక్టరమ్మ గిది చూసి కాదంటే పిల్ల మళ్ళ మూల కూసుంటది,” అన్నాడు బాపు.

“ఏం జేద్దాం?”

“ఏమున్నది, పసుపు సున్నం పట్టేస్తే తెల్లారేసరికి గుంజుకపోతది. ఎడ్లకు ఎన్నిమాట్ల ఎయ్యలే.”

“మందెయ్యొద్దన్నది బాపు.”

“పసుపు మందెట్లయితది? కూరల ఎయ్యమా?”

ఈ వాదంలో నాకు ఎక్కడా లోపం కనబడలేదు. అది నా చదువు సంగతి. మొయినాబాద్ చౌరస్తాకు పోయి కిరాణా కొట్లో పసుపు, పాన్ డబ్బాలో సున్నం తెచ్చింది నేనే. పాన్ డబ్బా ఆయన ఇంత సున్నం ఎందుకన్నా అని అడిగితే, కాలు బెణికిందన్నాను. ఎవరి కాలో అడగలేదు కాబట్టి నేను అబద్ధం చెప్పలేదు. పసుపు, సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. ఆ ఎర్రటి ముద్దను బాపు కొంచెం వెచ్చబెట్టి, ఆ తెల్లటి కాలికి చుట్టూ పట్టించి, పైన తువ్వాల చింపి కట్టాడు. గుర్రం తల నేను పట్టుకున్నాను. అది ఒకసారి కాలు విదిలించి, నా వైపు చూసింది. అమ్మే ఆయన భార్య గడ్డి వేయడానికి వచ్చి కట్టు చూసి, “డాక్టరమ్మ చెప్పిందా అన్న?” అని అడిగింది. నేను తల ఊపాను. అడ్డంగానో నిలువుగానో ఇప్పటికీ చెప్పలేను.

నా ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అమ్మేవాడు సరుకుకు మెరుగు పెట్టడం చూశాను. తడిసిన మిరపకాయల మీద ఎండినవి పోసిన వాళ్ళను చూశాను. కొనేవాడే పోయి, తను కొనబోయే సరుకుకు తనే మెరుగు పెట్టడం మాత్రం నేను కనిపెట్టిన పద్ధతి.

పొద్దున ఆరింటికే ఒక్కణ్ణే పోయి కట్టు విప్పి కడిగాను. ముద్ద పోయింది, రంగు పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. రుద్దినకొద్దీ ఎరుపు కాస్తా నారింజ రంగుకు తిరిగింది. ముదురు రంగు కాలైతే దాగేది. మిగతా మూడు కాళ్ళలో దేనికున్నా ఏ గొడవా లేదు. ఉన్న ఒక్క తెల్లకాలికే పొంగు రావాలి, దానికే మేం పూయాలి. చేసేది లేక గడ్డి తెచ్చి మోకాళ్ళ దాకా పరిచి, పరుపు మెత్తగా ఉండాలని చేసినట్టు నిలబడ్డాను.

ఎనిమిదింటికి అమ్మాయి బాపుతో వచ్చింది. బూట్లు తొడుక్కుని, టోపీ చేతిలో పట్టుకుని ఉంది. అమ్మే ఆయన బస్సు దిగి నేరుగా వచ్చాడు. ఆయన వెనకే డాక్టరమ్మ కారు.

ఆమె ముందు షెడ్డులోనే, నీడలో చూడాల్సినవి చూసింది. కళ్ళలోకి టార్చి వేసి చూసింది. పళ్ళు చూసి తొమ్మిదేళ్ళు నిజమేనంది. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. “గుండె మంచిగున్నది,” అంటే అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను సరిగా జవాబివ్వలేకపోయాను. గడ్డి వైపే చూస్తున్నాను.

“బయటికి తీస్కరండి.”

గుర్రం గడ్డిలోంచి వెలుగులోకి అడుగు పెట్టింది. పారాణి పెట్టిన పెండ్లికూతురు గడప దాటినట్టు, ముందు ఆ కాలే.

డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, “దీనికి పెండ్లా?” అంది.

ఆమె కూర్చుని కాలు మీద చెయ్యి పెట్టింది. వెనక్కి తీసి, కుడికాలు మీద పెట్టింది, మళ్ళీ ఎడమ మీద పెట్టింది. గుర్రం కాలు లాక్కుంది.

“వేడిగున్నది. తోలు కూడ కమిలింది.” అమ్మే ఆయన వైపు తిరిగింది. “ఏం పూసినవ్? ఎప్పుడు?”

“నేనేం పూయలే మేడం.”

“గుర్రం నీది, షెడ్డు నీది. నువ్వు పూయకుంటే అదే పూసుకున్నదా?”

ఆయన కాలు వైపు చూశాడు, నారింజ రంగు ఆయన కూడా అప్పుడే చూడటం. తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. అమ్మాయి మాత్రం ఆయన్నే చూస్తూ ఉంది. చేతిలో టోపీని మెల్లగా గోడ మీద పెట్టింది.

“అంకుల్, నువ్వు గూడనా?” అంది.

ఆ మాటకు ఆయన నోరు తెరిచాడు కానీ ఏం చెప్పాలో తెలియలేదు. పాపం, అబద్ధం చెప్పే అలవాటు ఉన్నవాడైతే వెంటనే ఏదో ఒకటి అనేవాడు. ఇక్కడ నేను మాట్లాడాలి. మాట్లాడలేదు. ఎంతసేపు మాట్లాడలేదో నాకు తెలియదు. గుర్రం ఒకసారి తోక విసిరినంతసేపు కావచ్చు. కానీ ఆ కాస్తసేపూ, ఒక మంచి మనిషి మా పిల్ల కళ్ళ ముందు దొంగలాగా నిలబడి ఉంటే, అది నాకు వీలుగా ఉంది. దీనికి మాత్రం నాకు ఏ చమత్కారమూ దొరకడం లేదు.

“నేను పూసిన,” అన్నాను.

“వాడు కాదు, నేను పూసిన,” అన్నాడు బాపు. “వాడు సున్నం తెచ్చిండు.”

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మీరు కొనేటోళ్ళా, అమ్మేటోళ్ళా?”

“కొనేటోళ్ళం.”

“కొనేటోళ్ళు పూసుడు నేను ఇదే మొదటిసారి చూసుడు.”

అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. “ఎందుకు డాడీ?”

“జర పొంగున్నది బిడ్డా. నువ్వు ఫికర్ చేస్తవని.”

“ఎప్పటిసంది తెలుసు నీకు?”

“మూడు వారాలైతుంది.”

ఆమె వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది: “ఆ ఆదివారం సూది వేసినోళ్ళు గూడ గిట్లనే అనుకున్నరు కావచ్చు.”

పోయి అమ్మే ఆయనకు, “సారీ అంకుల్,” అని చెప్పి, కారులో కూర్చుంది.

డాక్టరమ్మ పెట్టె సర్దుకుంది. ఈ కాలు మీద ఈ రోజు తను ఏమీ రాయలేనని, ఆ వేడి కీలుదో సున్నానిదో తేల్చడం ఎవరి తరమూ కాదని, గుర్రం ఇప్పుడు కుంటినా కుంటకపోయినా నమ్మడానికి లేదని చెప్పింది. “పది రోజులు. ఎవ్వలు ముట్టొద్దు. పసుపు, సున్నం, వేపాకు, పేడ, మీకు ఇంకేమేం యాదికొస్తయో అవన్నీ వద్దు,” అంది బాపు వైపు చూసి. జీవితంలో మొదటిసారి బాపు తల వంచుకున్నాడు.

నేను అమ్మే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది. “కొనేటోళ్ళు వస్తే గల్లపెట్టెకు తాళం వేస్కోవాలని తెలుసన్న. గుర్రానికి గూడ వేస్కోవాలని తెల్వకపాయె,” అన్నాడు.

ఆ పది రోజులు అమ్మాయి నాతో మాట్లాడింది, కానీ అవసరమైనంతే. ఉప్పు అందియ్యి, గేటు వేసిరా. అంతే. రోజూ కాలేజీ నుంచి ఆటోలో నేరుగా షెడ్డుకు పోయేది. ఒక నోటుబుక్కు పెట్టుకుని రాసేది: ఈ రోజు ఎర్రగుంది, కాలు లాక్కుంది. ఈ రోజు లాక్కోలేదు. నేను కూడా పోయేవాణ్ణి. ఆమె కాలు చూస్తుంటే నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి, మ్యూజియంలో నిలబడ్డట్టు. నారింజ రంగు పసుపైంది, పసుపు వెన్నరంగైంది. నా తప్పు అంత స్పష్టంగా వెలిసిపోతూ కనబడటం నాకదే మొదటిసారి. మామూలుగా నావి లోపలే ఉండిపోతాయి.

ఇంట్లో మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి అడిగేది: “పప్పుల పసుపు వెయ్యాల్నా వద్దా? డాక్టరమ్మను అడిగినవా?”

బాపు అన్నం కలుపుకునేవాడు.

నాకు నిద్ర తక్కువైంది. కాలు పాస్ కాకపోతే అది నిజంగా పొంగు వల్లనా, మేం పూసినదాని వల్లనా అన్నది ఇక ఎప్పటికీ తేలదేమో అని ఒక దిగులు. మంచి గుర్రాన్ని మేమే చెడగొట్టామేమో అని ఇంకొకటి. మూడోది అన్నిటికన్నా పెద్దది. గుర్రం పాసైనా నేను పాసవుతానా అని.

పదకొండో రోజు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. కాలు తెల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూసి, గట్టి నేల కావాలంది. షెడ్డు పక్కనే ఒక కొత్త ప్లాట్ల వెంచర్ ఉంది. మోకిల వైపు విల్లాలు లేచినట్టు ఇక్కడా లేస్తాయని సిమెంటు రోడ్లు వేసి, కమాను కట్టి, ఆగిపోయారు. ఇళ్ళు లేవు, మనుషులు లేరు. గుర్రం నడక వినడానికి అంతకన్న మంచి చోటు ఉండదు.

అమ్మే ఆయన తాడు పట్టుకుని, నడుం నొప్పితోనే పక్కన ఉరుకుతూ, దాన్ని దుల్కీ పట్టించాడు. నడకకూ పరుగుకూ మధ్యదాన్ని వాళ్ళు దుల్కీ అంటారు. డాక్టరమ్మ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుంది. “కాలు చూడకు, తల చూడు. ముందుకాలు నొప్పి ఉంటే ఆ కాలు ఆనినప్పుడల్లా తల పైకి లేస్తది. లేస్తున్నదా?”

“లేస్తలేదు.”

“చెవితో గూడ చూడు.”

టక్, టక్, టక్, టక్. నేను కూడా చెవితోనే చూస్తున్నాను. ప్రతి చప్పుడుకూ నా తల ఊగుతోంది. అక్కడ కుంటుతున్నది ఎవరని కొత్తవాళ్ళనడిగితే నన్నే చూపించేవాళ్ళు.

తర్వాత అసలు పరీక్ష. డాక్టరమ్మ ఎడమ ముందుకాలు ఎత్తి, కీలు గట్టిగా మడిచి, ఒక నిమిషం అట్లాగే పట్టుకుంటుంది. వదలగానే గుర్రం దుల్కీ పోవాలి. లోపల ఏదన్నా ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఆమె కాలు మడిచింది. అమ్మాయి ఫోన్లో సమయం చూస్తోంది. బాపు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నిమిషంలో నేను ఆ వెంచర్ కమాను మీద ఉన్న అక్షరాలన్నీ చదివాను, వెనక నుంచి కూడా చదివాను.

“వదులుతున్న. ఉరికించు.”

టక్, టక్. మొదటి రెండడుగులకు తల కొద్దిగా లేచింది. నేను చూశాను. అమ్మాయి చూసింది. మూడో అడుగు నుంచి మళ్ళీ మామూలు.

“లేచింది,” అంది అమ్మాయి. చూసింది చూసినట్టు చెప్పింది.

“లేచింది. మంచిగ చూసినవ్,” అంది డాక్టరమ్మ. “ఇప్పుడు కుడిది చూద్దాం.”

కుడికాలు కూడా ఒక నిమిషం మడిచి వదిలింది. మళ్ళీ మొదటి రెండడుగులు అంతే, తర్వాత అంతే. రెండు కాళ్ళకూ ఒకే తీరు. వయసు, రేసుల్లో అరిగిన అరుగుదల అంది. వెంట తెచ్చిన చిన్న మిషనుతో కీలుకు ఎక్స్‌రే తీసి, లాప్‌టాప్‌లో చూపించింది. ఎముక అంచులు నున్నగా ఉన్నాయి. నాకు అది చంద్రుడి ఫోటోలాగా ఉంది. చంద్రుడికి మచ్చలుంటాయి, ఇందులో లేవు, అదే తెలిసింది.

ఆమె కారు బానెట్ మీద పెట్టుకుని కాగితం రాసింది. నేను చెయ్యి చాపాను. ఆమె నన్ను దాటి అమ్మాయికి ఇచ్చింది.

అమ్మాయి సిమెంటు రోడ్డు అంచున కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత మా అందరికీ వినబడేటట్టు గట్టిగా చదివింది. కుడి కంట్లో చిన్న పాత మచ్చ, చూపుకు అడ్డం లేదు. వెనక నడుం కాస్త బిగుతు. దూకించే పనికి వద్దు, మామూలు సవారీకి పనికొస్తుంది. “ఎడమ ముందుకాలు, కీలు మీద మెత్తటి పొంగు. పాతది. వేడి లేదు, నొప్పి లేదు.” అక్కడ ఆగి నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేరుగా చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని ఉండింది.

“మేడం, మళ్ళ పడ్తదా?” అని అడిగింది డాక్టరమ్మను.

ఆమె సరేలెమ్మని ఏదో చెప్పి పోవచ్చు. పెట్టె మూత వేసింది. “నేను ఇవ్వాళ్టి కాళ్ళు చూసిన బిడ్డా. రేపటి కాళ్ళు రేపు నువ్వే చూడాలె. రోజు ఎక్కేముందు చెయ్యి పెట్టి చూడు. నిన్నటి లెక్కనే ఉంటే ఎక్కు. లేకుంటే ఎక్కకు, నాకు ఫోన్ చెయ్యి.”

అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. “తీసుకుందాం డాడీ,” అంది.

ఆ గుర్రం మాతో రాలేదు. మేం నెలనెలా కిరాయి కట్టి అమ్మే ఆయన దగ్గరే ఉంచాలని ఒప్పందం. దాని మాట నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన షెడ్డుకు తాళం వేయలేదు కానీ, బాపును చూసినప్పుడల్లా, “పటేలా, జేబులు చూపియ్యి,” అంటాడు. బాపు తీసి చూపిస్తాడు. క్యారెట్లే ఉంటాయి.

మొదటిరోజు అమ్మాయి జీను కట్టి, టోపీ పెట్టుకుని, ఎక్కకుండా నిలబడింది.

“డాడీ, ఇట్లరా. కూసో.”

ఎడమ ముందుకాలు పక్కన కూర్చున్నాను. నా మోకాళ్ళు రెండూ టక్‌మన్నాయి, వాటికి ఎవరూ ఎక్స్‌రే తీయలేదు.

“చెయ్యి పెట్టు. ఒత్తకు. రుద్దకు. ఊకె పెట్టు.”

పెట్టాను. ఆ రోజు పొద్దున సబ్బు పెట్టి రుద్దిన తర్వాత దాన్ని ముట్టుకోవడం అదే. వెంట్రుకల కింద వెచ్చగా, మిగతా కాలంత వెచ్చగానే ఉంది. పొంగు అక్కడే ఉంది, నీళ్ళు నింపిన చిన్న సంచీలాగా, మెత్తగా. తగ్గలేదు, పెరగలేదు. నా వేళ్ళు దాన్ని ఏమన్నా చెయ్యాలని చూశాయి. ఆపాను. గుర్రం మెడ తిప్పి నా తల వాసన చూసింది, రెండు సుడులున్న చోటే.

“ఎట్లున్నది?” అంది అమ్మాయి.

“పొంగున్నది.”

“నిన్నటి లెక్కనేనా? నోటుబుక్కుల నిన్నటిది మెత్తగ, వేడిలేదు అని రాసిన.”

“మెత్తగున్నది. వేడిలేదు.”

“పక్కానా?”

నాకు పక్కాగా తెలిసింది ఏదీ లేదు. ఇంకోసారి, ఇంకొంచెం సేపు చెయ్యి పెట్టి చూశాను.

“నిన్నటి లెక్కనే,” అన్నాను.

“అయితే ఎక్కుత,” అంది.